చిన్న విమానం కూలితే: మూడు గడియారాల లెక్క

2008 ఆగస్టు 3న హైదరాబాద్ నుంచి రాయ్‌పూర్‌కు బయలుదేరిన ఒక బెల్ 430 హెలికాప్టర్ గమ్యం చేరలేదు. అందులో నలుగురు ఉన్నారు. వర్షాకాలం, మబ్బులు, కింద గోదావరి దాటాక మొదలయ్యే బస్తర్ అడవులు. రోజులు, వారాల తరబడి వెతికినా జాడ దొరకలేదు. సుమారు మూడు నెలల తర్వాత, నవంబరులో, నాటి ఖమ్మం జిల్లాకూ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకూ మధ్య సరిహద్దు కొండల్లో శకలాలు బయటపడ్డాయి. నలుగురిలో ఎవరూ మిగల్లేదు.

ఆ మరుసటి ఏడాదే తెలుగువాళ్లకు అదే రకం హెలికాప్టర్ పేరు మళ్లీ వినవలసి వచ్చింది. 2009 సెప్టెంబరు 2న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. ముఖ్యమంత్రి కోసం దేశంలోని సాధనాలన్నీ కదిలాయి. అయినా శకలాలు కనిపించింది మర్నాటి ఉదయమే.

ఈ రెండూ కంపెనీలో తయారై, ధ్రువీకరణ పొందిన యంత్రాలు. మరి ఇంటి వెనక షెడ్డులోనో, డాబా మీదో ఒక మనిషి సొంత చేతులతో కట్టుకునే విమానం సంగతేమిటి? అలాంటి విమానాలు ప్రపంచంలో వేల సంఖ్యలో ఎగురుతున్నాయి. వాటిలో ఎక్కే మనిషి ప్రాణం మూడు గడియారాల మీద ఆధారపడి ఉంటుంది. మొదటిది ఢీకొన్న క్షణంలో మొదలై సెకనులో పదో వంతులో ఆగిపోతుంది. రెండోది మంట గడియారం. అది నడిచేది కొన్ని పదుల సెకన్లు మాత్రమే. మూడోది వెతుకులాట గడియారం. అది గంటల నుంచి, బస్తర్‌లో జరిగినట్టు, నెలల దాకా నడుస్తుంది. ఒక గడియారాన్ని గెలిచినవాళ్లు తర్వాతి దాని దగ్గర ఓడిపోవచ్చు. అందుకే ఈ మూడింటినీ కలిపి చూడాలి.

ఇంట్లో విమానమా?

అమెరికాలో ఇలాంటి వాటిని ప్రయోగాత్మక విమానాల కింద నమోదు చేస్తారు. నిర్మాణంలో సగానికి మించిన పని అభిరుచితో, నేర్చుకోవడం కోసం సొంతంగా చేసి ఉండాలన్నది అక్కడి నియమం. దీన్నే 51 శాతం నియమం అంటారు. కట్టడం పూర్తయ్యాక సాధారణంగా 40 గంటలు, ధ్రువీకరించిన ఇంజిన్, ప్రొపెల్లర్ జత ఉంటే 25 గంటలు, జనావాసాలకు దూరంగా పరీక్షగా ఎగరాలి.

మన దేశంలో ఈ దారి ఎంత కష్టమో అమోల్ యాదవ్ కథ చెబుతుంది. వృత్తిరీత్యా పైలట్ అయిన ఆయన ముంబయిలోని కాందివలీలో తాము ఉండే భవనం పైకప్పు మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో ముంబయిలో జరిగిన మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నుంచి నమోదు పత్రం 2017లో, ఎగరడానికి అనుమతి 2019లో వచ్చాయి.

ఇంత కట్టుదిట్టం ఎందుకు అన్న ప్రశ్నకు అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో వెలువరించిన అధ్యయనం జవాబు ఇస్తుంది. అక్కడి చిన్న విమానాల్లో సొంతంగా కట్టినవి దాదాపు 10 శాతం. కానీ 2011లో జరిగిన ప్రమాదాల్లో వీటి వాటా సుమారు 15 శాతం, మరణాలు సంభవించిన ప్రమాదాల్లో 21 శాతం. ఇంజిన్ ఆగిపోవడం, విమానం అదుపు తప్పడం ముఖ్య కారణాలు. ఇంకో సంగతి కూడా తేలింది. ప్రమాదానికి గురైన విమానాల్లో సగానికి పైగా, కట్టినవాళ్ల దగ్గర నుంచి ఇతరులు కొనుక్కున్నవి. ఒకరి చేతికి అలవాటైన అమరిక మరొకరికి కొత్త. ఈ మాట ఎంత బరువైనదో కొద్దిసేపట్లో చూద్దాం.

మొదటి గడియారం: ఎంత దూరంలో ఆగారు?

విమానం కూలితే మనిషిని గాయపరిచేది వేగం కాదు, ఆ వేగం ఎంత దూరంలో సున్నా అయిందన్నది. వేగం వర్గాన్ని, ఆగిన దూరానికి రెట్టింపుతో భాగిస్తే సగటు రుణత్వరణం వస్తుంది. దాన్ని భూమ్యాకర్షణ త్వరణంతో పోల్చి 'జి'లలో చెబుతారు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఉన్న విమానం అరమీటరులో ఆగితే లోపలి మనిషి మీద సగటున 79 జి పడుతుంది. ఒక మీటరులో ఆగితే 39 జి. మూడు మీటర్లలో ఆగితే 13 జి మాత్రమే. వేగం అదే, విమానం అదే. మొదటి దానిలో బతకడం దుర్లభం. చివరి దానిలో బెల్టు సరిగ్గా ఉంటే మనిషి నడిచి బయటికి రావచ్చు.

ఇదే లెక్కను తిప్పి చూడవచ్చు. మనిషి మీద 9 జి మించకూడదనుకుంటే గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 2.8 మీటర్లు చాలు. 160 కిలోమీటర్ల వేగంలో 11.2 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. ఇంజిన్ ఆగిపోయిన పైలట్‌కు అనుభవజ్ఞులు నేర్పే మొదటి పాఠం ఇక్కడే పుట్టింది: నేలను తాకే వేళకు వీలైనంత నెమ్మదిగా, కానీ అదుపులో ఉండాలి. విమానం స్టాల్ అయితే, అంటే రెక్క మీది గాలి ప్రవాహం విడిపోయి లేపే బలం పడిపోతే, ముక్కు కిందికి దిగి నేలను గుచ్చుకుంటుంది. అప్పుడు ఆగే దూరం దాదాపు ఉండదు.

గాలి కూడా ఇక్కడ పాలుపంచుకుంటుంది. గాలిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దిగే విమానానికి 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 60. అదే గాలి వెనక నుంచి వీస్తే 100. రెండు సందర్భాల్లో గతిజ శక్తి నిష్పత్తి సుమారు 2.8 రెట్లు. గాలి దిశను పట్టించుకోకుండా దిగడానికి పైలట్ చెల్లించే మూల్యం ఇది.

బస్తర్ లాంటి చోట కింద మైదానం దొరక్కపోవచ్చు. సాల చెట్లు ముప్పై మీటర్ల దాకా పెరుగుతాయి. అడవిలో దిగక తప్పనప్పుడు విమాన శిక్షణ పుస్తకాలు చెప్పేది ఏమిటంటే, ఎదురుగాలిలో, కనీస వేగంతో, పొట్టిగా ఒత్తుగా ఉన్న చెట్ల గుబురును ఎంచుకోవాలి. రెండు రెక్కలూ ఒకేసారి కొమ్మలను తాకేలా చూడాలి. మనుషులున్న మధ్య భాగం మాత్రం లావు మానును నేరుగా గుద్దకూడదు. రెక్కలు విరిగిపోయినా ఫర్వాలేదు. విరగడంలో అవి శక్తిని మింగుతాయి, ఆగే దూరాన్ని పెంచుతాయి. అయితే ఆ రెక్కల్లోనే ఇంధనం ఉంటుందన్న సంగతి రెండో గడియారం గుర్తు చేస్తుంది.

గుడ్డు పెట్టె సూత్రం

ప్రమాదంలో బతకడాన్ని అదృష్టంగా కాక ఇంజినీరింగ్‌గా చూసిన తొలి వ్యక్తుల్లో హ్యూ డిహేవెన్ ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పైలట్ శిక్షణలో ఉండగా ఆయన విమానం గాలిలో మరో విమానాన్ని ఢీకొని కూలింది. ఆయన బతికారు కానీ పొట్టలోని అవయవాలు చితికిపోయాయి. సీటు బెల్టు బకిల్ వల్లే ఆ గాయాలు అయ్యాయని తర్వాత ఆయన గ్రహించారు. 1942లో ఎత్తైన భవనాల నుంచి పడి కూడా బతికిన మనుషుల ఉదంతాలను విశ్లేషించి ఒక పత్రం ప్రచురించారు. మెత్తటి తోట మట్టి మీద, వంగే రేకు మీద పడినవాళ్లను కాపాడింది కొన్ని అంగుళాల దూరమే. పెళుసు సరుకును పెట్టెలో సర్దడానికి వాడే తెలివినే మనుషులకూ వాడాలని ఆయన వాదించారు. పెట్టె నలగవచ్చు, కానీ లోపలి జాగా కుంచించుకుపోకూడదు. సరుకు పెట్టెలో అటూ ఇటూ కదలకూడదు. పెట్టె లోపలి గోడలు గుచ్చుకోకూడదు.

తర్వాత అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్ తన శరీరాన్నే పరికరంగా మార్చుకున్నారు. 1954 డిసెంబరు 10న రాకెట్ బండి మీద గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటిన వేగం నుంచి 1.4 సెకన్లలో ఆగినప్పుడు ఆయన మీద 46.2 జి పడింది. బలమైన పట్టీలు ఒంటిని గట్టిగా పట్టి ఉంచాయి కాబట్టి బతికారు. శరీరం అంతటా సమానంగా పంచుకుంటే మనిషి ఊహించినదానికంటే ఎక్కువ బలాన్ని తట్టుకుంటాడని ఆ ప్రయోగాలు చూపాయి.

ఈ జ్ఞానం 1988లో అమెరికా చిన్న విమానాల ప్రమాణాల్లోకి వచ్చింది. కొత్త నమూనాల ముందు సీట్లు రెండు పరీక్షలు దాటాలి. ఒకదానిలో ముందుకు వెళ్తూ 26 జి. రెండోదానిలో కింద నుంచి తన్నుకొచ్చే దిశలో 19 జి. ఈ రెండో పరీక్షలో బొమ్మ మనిషి నడుము వెన్ను మీద పడే బరువు సుమారు 680 కిలోలు మించకూడదు. సొంతంగా కట్టే విమానాలకు ఈ పరీక్షలు తప్పనిసరి కాదు. అంటే ఆ బాధ్యత పూర్తిగా కట్టే మనిషి మనస్సాక్షి మీద పడుతుంది.

ఆ మనిషి చేయగలిగినవి చాలానే ఉన్నాయి, ఖర్చు కూడా తక్కువే. నడుము పట్టీ ఒక్కటే ఉంటే శరీరం మడత పడి తల పరికరాల పలకను గుద్దుకుంటుంది. కాబట్టి భుజం పట్టీలు తప్పనిసరి. వాటిని సీటు వెనక కింద నేలకు కడితే ప్రమాదంలో అవి వెన్నెముకను కిందికి నొక్కుతాయి. భుజం ఎత్తులో లేదా కొంచెం పైన, విమానం అస్థిపంజరానికే బిగించాలి. పట్టీ వదులుగా ఉంటే విమానం నలుగుతూ ఆగుతున్న విలువైన దూరాన్ని శరీరం వాడుకోలేదు. ఆలస్యంగా వచ్చి పట్టీని ఒక్కసారిగా గుద్దుకుంటుంది.

సీటు దిండు కూడా ప్రాణాంతకం కావచ్చు. సోఫాలో వాడే మెత్తటి స్పాంజి ఢీకొన్నప్పుడు వెంటనే అణగిపోతుంది. ఈలోగా సీటు పైకి వేగం పుంజుకుని మనిషిని మరింత గట్టిగా తంతుంది. నెమ్మదిగా నొక్కితే మెత్తగా, హఠాత్తుగా నొక్కితే గట్టిగా ఉండే ప్రత్యేక ఫోమ్ ఈ సమస్యను తగ్గిస్తుంది. దాని కింద బ్యాటరీనో, పనిముట్ల పెట్టెనో దోపకుండా ఖాళీ జాగా వదలాలి. ఆ కొద్ది సెంటీమీటర్లే వెన్నుకు ఆగే దూరం.

నిర్మాణ పదార్థాన్ని బట్టి పెట్టె నలిగే తీరు మారుతుంది. వెల్డింగ్ చేసిన క్రోమ్-మాలిబ్డినం ఉక్కు గొట్టాల చట్రం వంగుతూ శక్తిని పీల్చుకుంటుంది. అల్యూమినియం రేకు ముడతలు పడుతుంది. ఫైబర్‌గ్లాస్ లాంటి సంయుక్త పదార్థాలు ఒక హద్దు దాకా నిలిచి ఒక్కసారిగా పగలగలవు. వాటితో కట్టేవాళ్లు మనిషి చుట్టూ ఉన్న భాగాన్ని మరింత ఆలోచించి దృఢపరచాలి.

రెండో గడియారం: మంట

2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు విమాన మైదానం నుంచి ఒక చిన్న సెస్నా 180 లేచింది. ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్ బయలుదేరిన నటి సౌందర్య, ఆమె సోదరుడు అందులో ఉన్నారు. లేచిన కాసేపటికే అది సమీపంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కూలి మంటల్లో చిక్కుకుంది. నలుగురూ చనిపోయారు. 2023 డిసెంబరు 4న దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపంలో కూలి తగలబడింది. అందులోని ఇద్దరూ బతకలేదు. ఇవేవీ ఇంట్లో కట్టినవి కావు. కానీ చిన్న విమానం, ఇంధనం, మంట అన్న త్రయం అన్నిటికీ ఒక్కటే.

ఒక చిన్న లెక్క ఈ ప్రమాదం స్థాయిని చెబుతుంది. 600 కిలోల విమానం గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిజ శక్తి సుమారు 150 కిలోజౌళ్లు. తొట్టిలో 50 లీటర్ల పెట్రోలు ఉంటే అందులోని రసాయన శక్తి సుమారు 1,600 మెగాజౌళ్లు. అంటే ఢీకొన్న శక్తికి పది వేల రెట్లు. మొదటి దాన్ని తట్టుకున్న మనిషి పక్కనే రెండోది కాచుకుని ఉంటుంది.

గణాంకాలూ అదే చెబుతాయి. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1980లో చేసిన అధ్యయనం ప్రకారం 1974-78 మధ్య చిన్న విమానాల ప్రమాదాల్లో 8 శాతంలోనే కూలాక మంటలు లేచాయి. కానీ మంటలు లేచిన ప్రమాదాల్లో 59 శాతం ప్రాణాలు తీశాయి. మంటలు లేని వాటిలో ఆ వాటా 13 శాతం చిల్లర. మంటలు లేచిన ప్రమాదాల్లో ఢీ కూడా తీవ్రంగానే ఉంటుంది కాబట్టి ఈ తేడా మొత్తం మంటదే అనలేం. అందుకే కెనడా రవాణా భద్రతా మండలి మరో ప్రశ్న అడిగింది: ఢీని తట్టుకున్నా మంట వల్ల పోయినవాళ్లు ఎందరు? 1976-2002 మధ్య 13,806 ప్రమాదాలను వడగట్టి, 521 చోట్ల కూలాక మంటలు లేచాయని, వాటిలో 128 ప్రమాదాల్లో మరణాలకు లేదా తీవ్ర గాయాలకు మంట, పొగ పూర్తిగానో కొంతవరకో కారణమని తేల్చింది. ఆ మనుషుల్లో చాలామందిని కాపాడగలిగి ఉండేవాళ్లమన్నది ఆ నివేదిక సారం.

మంటకు ఇంధనం, గాలి, నిప్పు మూడూ కావాలి. గాలిని ఆపలేం. మిగతా రెండింటినీ విడదీయడమే పని. పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా అంటుకోగలదు. జగ్దల్‌పూర్ వేసవి మధ్యాహ్నం సంగతి చెప్పనక్కర్లేదు. జెట్ ఇంజిన్లలో వాడే కిరోసిన్ రకం ఇంధనానికి ఈ హద్దు 38 డిగ్రీలు. అందుకే డీజిల్ తరహా ఇంజిన్లు చిన్న విమానాల్లోకి రావడాన్ని భద్రతా నిపుణులు ఆసక్తిగా చూస్తున్నారు.

నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది? 1950 ప్రాంతంలో అమెరికాలోని ఒహాయోలో నాసాకు పూర్వ సంస్థ అయిన నాకా పాత రవాణా విమానాలను కావాలనే ఢీకొట్టించి, వేగంగా తీసే కెమెరాలతో చిత్రించింది. పగిలిన తొట్టి నుంచి ఇంధనం ధారగా కాక సన్నని తుంపరగా చిమ్మి, మేఘంలా విమానాన్ని చుట్టుముట్టడం వాటిలో కనిపించింది. ఆ మేఘం వేడి ఎగ్జాస్ట్ గొట్టాన్నో, తెగిన తీగ నిప్పురవ్వనో తాకితే చాలు. ఎగ్జాస్ట్ గొట్టాలను ఆ క్షణంలో చల్లబరిచి, విద్యుత్తును తెంచితే మంట లేవకుండా ఆపవచ్చని కూడా ఆ పరీక్షలు నిరూపించాయి.

తొట్టి ఎక్కడ ఉండాలి?

సొంతంగా కట్టేవాళ్ల చేతిలో ఉన్న అతి పెద్ద నిర్ణయం ఇదే. పాత, చవక నమూనాల్లో కొన్నింటిలో ఇంధన తొట్టి ఇంజిన్‌కూ పైలట్ మోకాళ్లకూ మధ్య ఉంటుంది. పంపు అవసరం లేకుండా ఇంధనం గురుత్వంతోనే దిగుతుంది కాబట్టి అది సులువైన ఏర్పాటు. కానీ ముక్కు గుద్దుకుంటే ఇంజిన్ వెనక్కి జరిగి తొట్టిని చీలుస్తుంది. ఇంధనం నేరుగా ఒడిలో పడుతుంది. రెక్కల్లో తొట్టి ఉంటే మనిషికి దూరం పెరుగుతుంది. అయితే రెక్క ముందు అంచులో ఉన్న తొట్టిని చెట్టు మాను చీల్చగలదు.

దీనికి సైన్యం కనిపెట్టిన పరిష్కారం ఉంది. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్లు కూలి సైనికులు కాలిపోవడం చూసి, అమెరికా సైన్యం 1970 నుంచి హ్యూయీ హెలికాప్టర్లలో చిరగని రబ్బరు సంచి తొట్టులు, లాగితే తెగి రెండు వైపులా తమంతట తామే మూసుకునే గొట్టపు కీళ్లు పెట్టింది. ఆ తర్వాత బతికే అవకాశమున్న ప్రమాదాల్లో కాలిన గాయాలతో మరణించడం దాదాపు కనుమరుగైంది. రేసు కార్లలోనూ ఇలాంటి సంచి తొట్టులే వాడతారు. పౌర రంగంలో మార్పు నెమ్మదిగా వచ్చింది. రాబిన్సన్ ఆర్44 హెలికాప్టర్లకు సంచి తొట్టులు అమర్చాలని తయారీదారు 2010లో సూచించింది. ఆస్ట్రేలియాలో వరుసగా మంటల ప్రమాదాలు జరిగాక 2013లో అక్కడి నియంత్రణ సంస్థ దాన్ని తప్పనిసరి చేసింది.

సంచి తొట్టి ఖరీదు భరించలేని వాళ్లకూ దారులున్నాయి. గొట్టాలను బిగుతుగా కాక కొంత వదులు మడతతో అమర్చితే చట్రం నలిగినా అవి తెగవు. ఇంజిన్ గదిలోని గొట్టాలకు మంటను తట్టుకునే తొడుగు వేయాలి. ఇంజిన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య నిప్పుగోడ ఉండాలి. పాత అమెరికా ప్రమాణాల్లో దీనికి 0.38 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు రేకు సరిపోతుందని పేర్కొన్నారు. అల్యూమినియం రేకు పనికిరాదు, అది 660 డిగ్రీలకే కరుగుతుంది. తీగల కోసం ఆ గోడకు వేసిన రంధ్రాలను ప్లాస్టిక్ బిరడాలతో మూస్తే గోడ ఉండీ లేనట్టే.

కారు ఇంజిన్‌ను మార్చి వాడేవాళ్లు మరో సంగతి గమనించాలి. ఇంజెక్షన్ ఇంజిన్‌కు ఇంధనం అందించే విద్యుత్ పంపు, గొట్టం తెగినా, విద్యుత్తు ఉన్నంతసేపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. చాలా కార్లలో కుదుపుకు పంపును ఆపే స్విచ్ ఉంటుంది. దాన్ని విమానంలోకి తేవడం మరిచిపోకూడదు. అయితే గట్టిగా దిగినప్పుడల్లా అది పంపును ఆపేస్తే మళ్లీ గాలిలోకి లేవాల్సిన పైలట్‌కు ఇంజిన్ ఉండదు. కాబట్టి దాని హద్దు జాగ్రత్తగా ఎంచాలి, చేతికందే చోట పెట్టాలి.

పదార్థాల పొత్తు కూడా చూసుకోవాలి. కొన్ని విమానాల రెక్కల లోపల వాడే నీలిరంగు పాలీస్టైరిన్ ఫోమ్ పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. తేలిక విమానాల్లో విరివిగా వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌కు తయారీదారు అనుమతించింది 10 శాతం వరకే. ఇథనాల్ కొన్ని రకాల రబ్బరు గొట్టాలను, తొట్టి లోపలి పూతలను కూడా పాడు చేస్తుంది. నెమ్మదిగా కారే చుక్క ఏదో ఒక రోజు వేడి గొట్టాన్ని వెతుక్కుంటుంది.

ఒక మీట చెప్పిన పాఠం

1997 అక్టోబరు 12న అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరంలో తన లాంగ్-ఈజీ విమానంతో పాటు సముద్రంలో కూలి చనిపోయారు. బర్ట్ రుటాన్ గీసిన నమూనా చూసి వేరొకరు కట్టిన విమానం అది. డెన్వర్ దాన్ని కొద్ది రోజుల కిందటే కొన్నారు. నమూనా ప్రకారం ఇంధన తొట్టిని మార్చే మీట పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టిన మనిషి దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. ఎందుకంటే ఇంధన గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదని, మంట ప్రమాదం తగ్గాలని ఆయన ఉద్దేశం.

ఉద్దేశం మంచిదే. కానీ ఆ మీటను తిప్పాలంటే పైలట్ ఒంటిని వెనక్కి మెలి తిప్పాలి. అలా తిరిగినప్పుడు కుడికాలు తెలియకుండానే చుక్కాని పెడల్‌ను నొక్కుతుందని దర్యాప్తు అధికారులు అలాంటి విమానంలో కూర్చుని గమనించారు. ఇంధనం మార్చబోయి అదుపు తప్పి ఉంటుందని జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది.

మంట గురించిన జాగ్రత్త ఒక్కటే చూసి, చేయి చేరే దూరం చూడకపోతే ఏమవుతుందో ఈ ఉదంతం చెబుతుంది. భద్రత కోసం చేసే ప్రతి మార్పూ మరో చోట ఏదో ఒకటి అడుగుతుంది. ఏం అడుగుతోందో కట్టే మనిషి నేల మీద ఉండగానే, సీటులో కూర్చుని, బెల్టు బిగించుకుని, కళ్లు మూసుకుని చేయి చాపి చూడాలి. ఇంధన మీట, విద్యుత్ ప్రధాన స్విచ్, తలుపు గడియ అన్నీ అలా దొరకాలి.

తలుపు సంగతి వేరుగా చెప్పాలి. గాజు బుడగ లాంటి కప్పు ఉన్న విమానం తలకిందులైతే ఆ కప్పు తెరుచుకోదు. తల కంటే ఎత్తులో బలమైన కమ్మీ, చేతికందే చోట కప్పు పగలగొట్టే పనిముట్టు ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు మంటకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు బట్టలు మేలు, మంటను తట్టుకునే ప్రత్యేక దుస్తులు ఇంకా మేలు.

మూడో గడియారం: అడవి

ఢీని, మంటను దాటిన మనిషికి ఇక కావలసింది తానెక్కడున్నాడో ఎవరికైనా తెలియడం. విమానంలోని అత్యవసర ట్రాన్స్‌మిటర్ ఢీకొన్న కుదుపుకు తనంతట తానే మేల్కొని 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది. మన దేశంలో ఈ సంకేతాలను బెంగళూరు, లఖ్‌నవూలలోని భూకేంద్రాలు అందుకుంటాయి. బెంగళూరులోని ఇస్రో కేంద్రం వాటిని సహాయక బృందాలకు చేరవేస్తుంది. పాత 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1 నుంచి వినడం మానేశాయి. పాత పెట్టెను కొని అమర్చి ధీమాగా ఉంటే ఉపగ్రహానికి ఏమీ వినిపించదు.

కొత్త పెట్టె కూడా యాంటెన్నా తీగ తెగినా, మంటల్లో కాలినా మూగబోతుంది. అందుకే దాన్ని ఇంధనానికి దూరంగా, తోక వైపు బిగించి, యాంటెన్నాను దగ్గరగా పెడతారు. జీపీఎస్ కలిసిన చిన్న వ్యక్తిగత బీకన్‌ను సంచిలో కాక ఒంటి మీద జేబులో ఉంచుకోవడం రెండో భరోసా. బయలుదేరే ముందు ఏ దారిన వెళ్తున్నదీ, ఎప్పటికి చేరేదీ ఒక మనిషికి చెప్పి ఉంచడం మూడోది. దీనికి పైసా ఖర్చు లేదు.

సంకేతం అందినా బస్తర్ లాంటి చోట మొదట చేరేది ఊరివాళ్లే. వాళ్లకు తెలియాల్సినవి కొన్నే. గాలి వీచే వైపు నుంచి వెళ్లాలి, అప్పుడు ఆవిరి, పొగ అవతలికి పోతాయి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకూడదు. మంట, పెట్రోలు వాసన లేకపోతే గాయపడినవాళ్లను గుంజి లాగకూడదు, వెన్ను విరిగి ఉండవచ్చు. మంట అంటుకుంటుంటే మాత్రం ఆలోచించకుండా బయటికి తీయాలి. 112కి, 108కి ఫోన్ చేయాలి.

ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియనిది. కొన్ని తేలిక విమానాల్లో మొత్తం విమానాన్నే మోసే పారాషూట్ ఉంటుంది. 1975లో హ్యాంగ్ గ్లైడర్ నుంచి పడి బతికిన బోరిస్ పోపోవ్ తర్వాత స్థాపించిన సంస్థ దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది. దాన్ని బయటికి లాగేది ఒక చిన్న రాకెట్. గాలిలో అది ప్రాణం పోస్తుంది. కానీ కూలిన విమానంలో పేలకుండా మిగిలిపోతే, ఎర్ర పిడిని లాగినా, తీగను కోసినా దగ్గరున్నవాళ్ల ప్రాణం తీయగలదు. కట్టిన మనిషి విమానం బయట రాకెట్ ఉన్న చోట స్థానిక భాషలో కూడా హెచ్చరిక రాయించడం అందుకే ముఖ్యం. గోండీ, హల్బీ, తెలుగు వినిపించే ఆ సరిహద్దు పల్లెల్లో ఇంగ్లీషు చీటీ ఒక్కటే సరిపోదు. పుర్రె బొమ్మ ఇంకా బాగా చెబుతుంది.

శకలాలను కదిలించకపోవడం కూడా ముఖ్యమే. 2012లో ఏర్పడిన మన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థకు మీట ఏ వైపు తిరిగి ఉంది, పట్టీ ఎక్కడ తెగింది అన్నవే సాక్ష్యాలు. డెన్వర్ విమానంలోని మీట కథ లోకానికి తెలిసింది అలాంటి పరిశీలన వల్లే.

బస్తర్ కొండల్లో 2008లో పోయిన నలుగురూ తొలి క్షణంలోనే పోయారా, ఆ తర్వాతా అన్న ప్రశ్నకు మూడు నెలల తర్వాత దొరికిన శకలాలు వాళ్ల ఇంటివాళ్లకు పెద్దగా ఊరటనివ్వవు. విమానం కట్టడానికి రివెట్టు చేతపట్టిన మనిషికి మాత్రం అది ముందే వేసుకోవలసిన ప్రశ్న. ఆగడానికి ఎంత దూరం ఉంచాను? ఇంధనానికీ నిప్పుకూ మధ్య ఏం పెట్టాను? నేను ఎక్కడున్నానో ఎవరికి తెలుస్తుంది? ఈ మూడింటికీ జవాబు నేల మీదే ఉండాలి, గాలిలోకి లేచాక దొరకదు.